తలనొప్పి డెక్సా సూదితో తగ్గింది, స్కాన్‌లో చూస్తే గడ్డ: ఎవరిని ఎప్పుడు పంపాలి, ఇంటోళ్లకు ఏం చెప్పాలి?

డిండి_పల్లెదవాఖాన:

మాది డిండి వైపు పల్లె దవాఖాన. తలనొప్పి అని రోజూ ఎవరో ఒకరు వస్తరు. అందర్నీ స్కాన్‌కు పంపలేం, పంపకుంటే అసలుది తప్పిపోతదేమోనని భయం. ఈ పక్క ఊళ్లల్ల నడిచే పద్ధతి అందరికీ తెల్సిందే. నొప్పి షురూ అయితే ముందు ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా (స్టెరాయిడ్) సూది, ఒక గ్లూకోజు సీసా. రెండు మూడు రోజులు మంచిగుంటది. మళ్లీ నొప్పి, మళ్లీ సూది. ఆఖరికి ఫిట్స్ వచ్చో, ఒక పక్క రెక్క పడిపోయో నల్లగొండకో హైదరాబాద్‌కో పోతే అప్పుడు ఎంఆర్‌ఐలో మెదడుల గడ్డ తేలుతది. రిపోర్టు పట్టుకొని ఇంటోళ్లు మళ్లీ నా దగ్గరికే వస్తరు, "క్యాన్సరేనా అక్కా?" అని.

నాకు కావాల్సినవి ఇవి. స్కాన్ మిషన్ లేని చోట టార్చిలైటు, బీపీ మిషన్‌తో నేను ఏమేం చూడొచ్చు? రింగులాగ మెరిసే గడ్డ, టీబీనా, పురుగుతిత్తా, ట్యూమరా తేల్చుకోవాలె అని రిపోర్టుల రాస్తే దాన్ని ఎట్ల చెప్పాలె? ఆపరేషన్ అయి ఇంటికొచ్చినోళ్లకు ఇచ్చే గోలీలల్ల దేని మీద కన్నేసి ఉంచాలె? రేడియేషన్‌కు పోయేటోళ్లకు ముందే ఏం చెప్తే మధ్యల మానకుంట ఉంటరు?

మూసీగట్టు_న్యూరోసర్జన్:

డెక్సా సంగతి ముందు చెప్తానమ్మా, ఆలస్యం ఎక్కువగా జరిగేది అక్కడే. గడ్డ ఉన్నచోట చుట్టూ మెదడు నీరు పట్టి వాస్తుంది. పుర్రె సాగదు కాబట్టి ఒత్తిడి పెరుగుతుంది, నొప్పీ వాంతులూ అందుకే. డెక్సా, అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఆ వాపును ఒకటి రెండు రోజుల్లో దించుతుంది. మనిషి లేచి కూర్చుంటాడు, అన్నం తింటాడు, పడిపోయిన చెయ్యి కూడా కొంత లేస్తుంది. గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొంతమంది ఆపరేషన్ తేదీ ఇచ్చాక "ఇప్పుడు మంచిగున్నడు కదా" అని రాకుండా ఉండిపోయేది ఈ తాత్కాలిక సుఖం చూసే.

ఇంకో ప్రమాదం ఉంది. మెదడులో వచ్చే లింఫోమా అనే రకం స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు కరిగిపోతుంది. అప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపినా ఏమీ తేలదు. కొన్ని వారాలకు అదే గడ్డ మళ్లీ వస్తుంది. అందుకని మనిషి మత్తుగా లేకపోతే ముందు స్కాన్, ఆ తర్వాతే స్టెరాయిడ్. ముందే సూదులు పడి ఉంటే ఎన్ని పడ్డాయి, ఎప్పుడు పడ్డాయి అన్నది చీటీ మీద రాసి పంపండి. మాకు అది చాలా పనికొస్తుంది.

గ్లూకోజు సీసా గురించి కూడా. 5% డెక్స్‌ట్రోజ్ ఒంట్లోకి వెళ్లాక అందులోని చక్కెర ఖర్చైపోయి ఉట్టి నీరు మిగులుతుంది, అది మెదడు వాపును పెంచుతుంది. వాంతులతో నీరసపడినవాళ్లకు సెలైన్ కావాలంటే నార్మల్ సెలైన్ పెట్టాలి. షుగర్ పడిపోయినవాళ్లకు గ్లూకోజు ఇవ్వాల్సిందే, అది వేరే లెక్క. గ్లూకోమీటర్‌తో ముందు చూడండి.

ఇక ఎవరిని పంపాలి. ఉట్టి తలనొప్పి తప్ప ఇంకే లక్షణమూ లేకుండా ట్యూమరు బయటపడటం అరుదు. ఏళ్ల తరబడి వచ్చి పోతూ, వెలుతురు పడక, ఒక కునుకు తీస్తే తగ్గే నొప్పి ఎక్కువగా మైగ్రేన్. అనుమానించాల్సింది ఇంతకుముందెన్నడూ లేని నొప్పిని, లేదా పాత నొప్పి తీరు మారినప్పుడు. తెల్లారుజామున నిద్రలేపే నొప్పి, దగ్గినా వంగినా ముక్కినా ఎక్కువయ్యే నొప్పి, వారం వారం పెరుగుతూ పోయేది, వాంతితో కలిసి వచ్చేది, 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైనది. వీళ్లను ఆ వారంలోనే పంపండి. పెద్దవాళ్లకు జీవితంలో మొదటిసారి ఫిట్స్ వస్తే తలనొప్పి ఉన్నా లేకున్నా స్కాన్ తప్పదు.

ఫిట్స్ అంటే నురగ కక్కి కొట్టుకోవడం ఒక్కటే కాదు. ఒక చేతి బొటనవేలు అదురుతూ మోచేయి దాకా పాకడం, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక నిమిషం మాట ఆగిపోవడం, లేని కాలిన వాసన రావడం, ఇవీ ఫిట్సే. ఊళ్లో గాలి సోకిందని అనుకునేవాటిలో ఇలాంటివి ఉంటాయి. నుదుటి వెనక భాగంలో గడ్డ పెరిగితే నొప్పి లేకుండానే గుణం మారుతుంది. లెక్కగా ఉండే మనిషి స్నానం మానేస్తాడు, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తాడు, దేనికీ పట్టనట్టు కూర్చుంటాడు. పిచ్చి అని ఏడాది పాటు తిప్పుతారు.

మీ సెంటర్లో పది నిమిషాల్లో అయ్యే పరీక్షలు చెప్తాను. రెండు చేతులు ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమనండి. పది సెకన్లు చూడండి. ఒక చెయ్యి కిందికి జారుతూ అరచెయ్యి లోపలికి తిరిగితే ఆ పక్క బలహీనత ఉన్నట్టే, ఆ మనిషికి అది తెలియకపోవచ్చు కూడా. ఒక కన్ను మూయించి, మీ ముక్కునే చూడమని, మీ వేళ్లను పక్కల నుంచి లోపలికి తెస్తూ ఎప్పుడు కనబడిందో అడగండి. రెండు కళ్లకూ బయటి పక్కల చూపు తగ్గి ఉంటే పిట్యూటరీ గ్రంథి గడ్డను అనుమానించాలి. బస్సులో పక్కవాళ్లను గుద్దుకోవడం, పక్క నుంచి వచ్చే బండి కనబడకపోవడం వాళ్లు చెప్పే మాటలు. మడమ ముందు వేళ్లు ఆనించి గీత మీద నడిపించండి, చిన్న మెదడులో గడ్డ ఉంటే తూలుతారు. పెన్ను, గడియారం, తాళంచెవి చూపించి పేర్లు చెప్పమనండి. కంటి డాక్టరు దగ్గరుంటే కంటి నరం వాచిందా అని చూడమని రాయండి. స్కాన్ కంటే ముందే ఒత్తిడిని పట్టించే చౌకైన పరీక్ష అదే. కానీ నరం మామూలుగా ఉన్నంత మాత్రాన గడ్డ లేదని కాదు.

ఆగకుండా 108 పిలవాల్సింది: పిలిస్తే సరిగ్గా పలకని మత్తు, ఒక కంటిపాప పెద్దదై టార్చికి ముడుచుకోకపోవడం, ఆగని వాంతులు, బీపీ పెరుగుతూ నాడి నెమ్మదించడం. ఈ చివరిది కనిపించిందంటే టైం చాలా తక్కువ. తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ తిన్నగా ఉంచి పంపండి.

పిల్లల్లో వేరుగా ఉంటుంది. పొద్దున లేవగానే వాంతి, కాసేపటికి మామూలుగా ఆడుకోవడం, ఇది వారాల తరబడి నడిస్తే కడుపు మందులు మార్చుకుంటూ కూర్చోవద్దు. మెడ ఒక పక్కకు వంచి ఉంచడం, నడక తూలడం, మెల్లకన్ను కొత్తగా రావడం తోడైతే చిన్న మెదడు దగ్గర గడ్డ ఉందేమో చూడాలి. ఆ వయసులో వచ్చే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే గడ్డను పూర్తిగా తీయగలిగితే చాలామందికి అంతటితో నయమవుతుంది. అందుకే పిల్లల విషయంలో ఒక్క నెల ఆలస్యమైనా నాకు కడుపు తరుక్కుపోతుంది.

రింగు గడ్డ సంగతి. మన దగ్గర అలాంటి గడ్డ అనగానే ట్యూమరు అనుకోవద్దు. టీబీ గడ్డ, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తి, చీము గడ్డ, ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో పాకిన క్యాన్సరు, మెదడులోనే పుట్టిన గ్లయోమా, అన్నీ ఎంఆర్‌ఐలో రింగులాగే మెరవొచ్చు. తిత్తి సాధారణంగా 2 సెం.మీ. లోపు, గుండ్రంగా, లోపల పురుగు తల చుక్కలా కనిపిస్తుంది. టీబీ గడ్డ అంతకన్నా పెద్దగా, అంచులు వంకరగా ఉంటుంది. చెవి కారే పిల్లవాడికి జ్వరంతో రింగు గడ్డ కనిపిస్తే చీము గడ్డ ముందు గుర్తుకు రావాలి. పంది మాంసం ముట్టనివాళ్లకు పురుగు తిత్తి రాదని అనుకుంటారు, అది తప్పు. గుడ్లు చేరేది కడగని ఆకుకూర, మురికి చేతుల మీదుగా. ఇంటోళ్లతో ఈ మాట అనండి: "మందులతో కరిగే గడ్డలు కూడా ఇట్లనే కనిపిస్తయి, కాబట్టి ఇప్పుడే క్యాన్సర్ అని ఏడ్వొద్దు. కానీ తేల్చుకోకుండ ఇంట్ల ఉండొద్దు."

స్కాన్‌కు పంపేటప్పుడు కాంట్రాస్ట్ (రంగుమందు ఎక్కించి తీసే) ఎంఆర్‌ఐ అని రాయించాలి, దానికి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. ఫిట్స్ ఆగక, మత్తులో ఉంటే ముందు సీటీ చాలు, రక్తం కారిందా, నీరు నిండిందా తెలుస్తుంది. వెల్డింగు పని చేసినవాళ్ల కంట్లో ఇనుప రవ్వ ఉందేమో, గుండెకు పేస్‌మేకర్ ఉందేమో ముందే అడగాలి. పెద్దాసుపత్రికి వచ్చేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటి తెస్తే మేం ఏమీ చేయలేం. ఫిల్ములు, సీడీ రెండూ తేవాలి.

పాలమూరు_ఫార్మసిస్టు:

గోలీల గురించి నేను చెప్తా. తప్పులు జరిగేది ఎక్కువగా మూడింటి దగ్గర.

డెక్సా గోలీలు ఒక్కసారి ఆపొద్దు. రెండు మూడు వారాలు వాడితే ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ మూలకు పడుతుంది. టక్కున ఆపితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, వాపు మళ్లీ ఎగదన్నుతుంది. డాక్టరు రాసిచ్చిన తగ్గింపు పట్టిక గోడకు అంటించుకోవాలి. పొద్దున, మధ్యాహ్నం అన్నం తిన్నాకే వేసుకోవాలి, సాయంత్రం పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర పట్టదు. షుగర్ లేనివాళ్లకు కూడా పెరుగుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు చూడండి. కింద కూర్చున్న మనిషి చేతులు ఆనించకుండా లేవలేకపోతే గడ్డ పెరిగిందని కంగారు పడతారు, చాలాసార్లు అది డెక్సా వల్ల తొడ కండరాలు చిక్కడం. డాక్టరుకు చెప్తే మోతాదు సర్దుతారు.

ఫిట్స్ గోలి ఎక్కువమందికి లెవెటిరాసెటమ్, రోజుకు రెండు పూటలు, 12 గంటల తేడాతో. ఫిట్స్ రాక నెల దాటిందని సొంతంగా ఆపేస్తే మళ్లీ వస్తాయి, ఈసారి ఆగకుండా రావొచ్చు. దీంతో కొందరికి చిరాకు, కోపం బాగా పెరుగుతుంది. భార్యాపిల్లల మీద అరుస్తుంటే గుణం మారిందని అనుకోకుండా మందు అని గుర్తుపట్టండి, వేరేది మార్చవచ్చు. ఫెనిటోయిన్ వాడేవాళ్లు తాగినట్టు తూలుతుంటే మోతాదు ఎక్కువైందని అనుమానించాలి. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మూడోది టెమోజోలమైడ్, గ్లయోమా లాంటి మెదడు క్యాన్సర్లకు ఇచ్చే కీమో గోలి. ఇది పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. రేడియేషన్ జరిగే ఆరు వారాలూ రోజూ, శని ఆదివారాలు కూడా, తక్కువ మోతాదు. చదరపు మీటరుకు 75 మి.గ్రా. లెక్కన ఒంటి వైశాల్యం 1.6 ఉన్న మనిషికి 120 మి.గ్రా., అంటే ఒక 100, ఒక 20 గోలి. రేడియేషన్ అయ్యాక సుమారు నాలుగు వారాలు ఆపి, ఆ తర్వాత నెలకు 5 రోజులే ఎక్కువ మోతాదు. అదే మనిషికి మొదటి నెల 240, ఓర్చుకుంటే తర్వాత 320. మిగతా 23 రోజులు ఖాళీ. జనం తికమక పడేది ఇక్కడే. రోజూ వేసుకునే అలవాటులో ఎక్కువ మోతాదు కూడా రోజూ మింగేస్తే ఎముక మజ్జ అణగారిపోయి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. క్యాలెండర్లో ఆ 5 రోజులకు ఎర్రపెన్నుతో గుండ్రాలు చుట్టించండి, మిగతా స్ట్రిప్పులు ఇంటోళ్ల దగ్గర ఉంచండి.

రాత్రి తిన్న రెండు గంటలకు, ఖాళీ కడుపున, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. అరగంట ముందు ఆన్‌డాన్‌సెట్రాన్ వేసుకుంటే వాంతి తగ్గుతుంది. గొట్టం గోలి (క్యాప్సూల్) విప్పి పొడి కలపొద్దు. రేడియేషన్ రోజుల్లో వారానికోసారి రక్తపరీక్ష. ప్రతి నెలా కొత్త కోర్సుకు ముందు తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 1,500, ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గకుండా ఉండాలి. 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే పారాసెటమాల్ ఇచ్చి తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకోటి, పాలమూరు జిల్లాలో పని చేసేవాళ్లకు ముఖ్యం. కల్తీ కల్లులో ఆల్ప్రజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. రోజూ తాగేవాళ్లు దవాఖానలో చేరి ఒక్కసారి మానితే ఒకటి రెండు రోజులకు వణుకు, లేనివి కనబడటం, ఫిట్స్ వస్తాయి. ఆపరేషన్ అయిన మనిషికి అట్ల అయితే లోపల రక్తం కారిందేమోనని మళ్లీ స్కానుకు తీసుకపోవాల్సి వస్తుంది. ఇంటోళ్లు పరువుకు పోయి దాస్తారు. అడ్మిషన్ రోజే కల్లు సంగతి డాక్టరుకు చెప్పమనండి.

మర్రిగూడ_టీచర్:

ఒక చిన్న సందేహం. ఇక్కడ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే మెదడులో గడ్డలు వస్తున్నాయని అంటున్నారు. నిజమేనా? కాళ్లు పట్టుకుపోయినవాళ్లకు కూడా తల స్కాన్ తీయించాలా?

మూసీగట్టు_న్యూరోసర్జన్:

మాస్టారూ, ఫ్లోరైడ్ వల్ల మెదడు ట్యూమర్లు వస్తాయని తేలలేదు. తెలిసిన కారణాలు తక్కువే: చిన్నప్పుడు తలకు తీసుకున్న రేడియేషన్, న్యూరోఫైబ్రోమటోసిస్ లాంటి కొన్ని వంశపారంపర్య జబ్బులు. చాలామందికి ఏ కారణమూ దొరకదు, ఎవరి తప్పూ ఉండదు. ఈ మాట తల్లులకు గట్టిగా చెప్పాలి, వాళ్లు తమనే నిందించుకుంటారు.

కానీ మీ రెండో ప్రశ్న చాలా అవసరమైనది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన పెద్దవాళ్లకు వెన్నులోని పట్టీలు ఎముకలాగా గట్టిపడి లోపలి నరాల తాడును నొక్కుతాయి. రెండు కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, చేతివేళ్లు తిమ్మిరెక్కి గుండీ పెట్టుకోలేరు, మూత్రం ఆగదు లేదా రాదు. మొహం, మాట బాగానే ఉంటాయి. వీళ్లకు తీయాల్సింది మెడ ఎంఆర్‌ఐ. తల స్కాన్ తీసి బాగానే ఉందని ఇంటికి పంపితే అసలు జబ్బు ఉండిపోతుంది. మెదడు ట్యూమరు ఎక్కువగా ఒకే పక్క చెయ్యి, కాలు, మొహాన్ని బలహీనం చేస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. నడినెత్తిన, రెండు అర్ధభాగాల మధ్య పొరలో పెరిగే మెనింజియోమా రెండు కాళ్లనూ బలహీనం చేయగలదు. కాబట్టి మెడలో ఏమీ లేకపోతే అప్పుడు తల చూడాలి.

గ్రేడ్ల గురించి కూడా రాస్తాను, ఇంటోళ్లు దాన్ని క్యాన్సర్ స్టేజీ అనుకుంటారు. ఇక్కడ 1 నుంచి 4 దాకా ఉండే అంకె కణం స్వభావానిది, పాకడానిది కాదు. మెనింజియోమాలు చాలావరకు గ్రేడ్ 1, మెల్లగా పెరుగుతాయి. చిన్నగా, లక్షణాలు లేకుండా ఉంటే ఏటా స్కాన్ తీస్తూ ఊరుకోవచ్చు. పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డకు కేబర్‌గోలిన్ గోలీలే ముందు వైద్యం, కత్తి అవసరం రాకపోవచ్చు. నెలసరి ఆగి, పిల్లలు లేకుండానే పాలు వచ్చే ఆడవాళ్లకు ప్రొలాక్టిన్ పరీక్ష చేయించండి. ఒలిగోడెండ్రోగ్లయోమా అనే రకం గ్లయోమా ఉన్నవాళ్లలో సరైన వైద్యంతో పదేళ్లకు పైగా బతికినవాళ్లు చాలామంది. అందుకే బయాప్సీలో (తీసిన ముక్క పరీక్షలో) ఐడీహెచ్, 1పీ/19క్యూ అనే జన్యు పరీక్షలు వచ్చేదాకా ఆయుష్షు గురించి ఎవరూ మాట ఇవ్వకూడదు.

గ్లయోమాల్లో అన్నిటికన్నా తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అయితే దాచకుండా చెప్పాలి. 2005లో వెలువడిన పెద్ద పరిశోధనలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) 12.1 నెలలు, టెమోజోలమైడ్ కలిపినవాళ్లకు 14.6. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 10.4% నుంచి 26.5%కు పెరిగారు. పొలం అమ్మాలా వద్దా అని ఆలోచించే ఇంటికి ఈ అంకెలు తెలిసి తీరాలి.

నల్లమల_రేడియేషన్_నర్సు:

అక్కా, రేడియేషన్‌కు వచ్చేటోళ్లకు ముందే ఇవి చెప్పండి. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు వారాలల్ల మొదలైతది, బయాప్సీ రిపోర్టు లేకుంట మొదలు పెట్టరు. డిశ్చార్జి రోజే ఆ రిపోర్టు, తీసిన ముక్క ఉండే గాజుపలకలు, మైనపు దిమ్మ ఎప్పుడిస్తరో రాయించుకోవాలె. రెండో అభిప్రాయానికి పోయినా ఆ దిమ్మె కావాలె.

మామూలుగా 30 సార్లు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. మొత్తం 60 గ్రే (రేడియేషన్ కొలత). బల్ల మీద ఉండేది పదిహేను నిమిషాలు కూడ ఉండదు, నొప్పి ఉండదు, కరెంటు తగిలినట్టు అనిపించదు. మొదటి రోజు వేడినీళ్లల్ల మెత్తబెట్టిన ప్లాస్టిక్ జాలీని మొహం మీద పరిచి మాస్కు చేస్తరు. డెక్సా వాడుతుంటే మొహం ఉబ్బి కొన్ని వారాలకు ఆ మాస్కు బిగుసుకుంటది, చెంపల మీద జాలీ అచ్చులు పడతయి. ఓర్చుకోవద్దు, చెప్తే కొత్తది చేస్తరు. రెండు మూడు వారాలకు కిరణం తగిలిన చోట మాత్రమే వెంట్రుకలు రాలుతయి. ఆ చోట నూనె, పసుపు, జండుబామ్ పెట్టొద్దు, గోరువెచ్చని నీళ్లతో మెల్లగ కడగాలె. నాలుగో వారం నుంచి బాగా నీరసం, నిద్ర. అది జబ్బు ముదిరింది కాదు.

రెండు మూడు రోజులు కాకుంటే ఏమైతదిలే అని పండుగలకు ఊరికి పోతరు. ఆ ఖాళీలల్ల కణాలు మళ్లీ పెరుగుతయి, మొత్తం మోతాదు పని తగ్గుతది. నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్లు రోజూ బస్సుల తిరగడం ఈ నీరసానికి కుదరదు. ఆరు వారాలకు దగ్గర్ల ఉండే ఏర్పాటు ముందే చూసుకోవాలె.

రేడియేషన్ అయినంక మూడు నెలల లోపు తీసిన ఎంఆర్‌ఐల గడ్డ పెరిగినట్టు కనిపించొచ్చు. కొన్నిసార్లు అది వైద్యం వల్ల వచ్చిన వాపే. ఒక్క స్కాన్ చూసి మందులు మానేయొద్దు, డాక్టరు ఆరెనిమిది వారాలకు మళ్లీ తీయిస్తరు.

ఇంటి కాడ చూడాల్సినవి: ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలె, గ్లయోమా ఉన్నోళ్లకు ఇది ఎక్కువ. కుట్ల నుంచి గాని, ముక్కు నుంచి గాని నీళ్లలాంటి ద్రవం కారితే, ముక్కుల నుంచి పిట్యూటరీ ఆపరేషన్ అయినోళ్లు బిందెలకొద్దీ మూత్రం పోస్తుంటే, అదే రోజు తీసుకపోవాలె. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలె, నోట్ల చెంచా, గుడ్డ పెట్టొద్దు. చేతిల తాళాలు పెట్టుడు, ఉల్లిగడ్డ వాసన చూపిచ్చుడుతోని ఏం కాదు. 5 నిమిషాలు దాటితే 108. డాక్టరు సరే అనేదాకా తాడిచెట్టు ఎక్కుడు, బాయిల ఈత, ట్రాక్టరు, మోటరు సైకిలు, ఒక్కరే బోరు మోటారు కాడికి పోవుడు బంద్.

ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ మొదట షురూ అయిన మూడు జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి, 2007ల. తెలంగాణల 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి. చేరే ముందే 104కు ఫోన్ చేసి, ఆ దవాఖానల న్యూరోసర్జరీ, రేడియేషన్ రెండూ ఆరోగ్యశ్రీ కింద ఉన్నయా అడగాలె, కొన్నిట్ల ఒకటే ఉంటది. ఆధార్, ఆహార భద్రత కార్డు, స్కాన్ ఫిల్ములు పట్టుకొని ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి పోవాలె. డబ్బు కట్టినంక అడిగితే కష్టం. సర్కారుల అయితే ఆపరేషన్‌కు నిమ్స్, గాంధీ, ఉస్మానియా, రేడియేషన్‌కు రెడ్‌హిల్స్‌ల ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉన్నయి.

డిండి_పల్లెదవాఖాన:

అందరికీ దండాలు. డెక్సా సూదులు ఎన్ని పడ్డాయో, కల్లు అలవాటు ఉందో లేదో రాసే రెండు గళ్లు మా రిఫరల్ చీటీల కలుపుతున్న. చేతులు చాపే పరీక్ష, వేళ్ల చూపు పరీక్ష ఆశా అక్కలకు కూడ నేర్పియ్యొచ్చా సార్?

మూసీగట్టు_న్యూరోసర్జన్:

నేర్పించండి. ఒక్క జాగ్రత్త: ఆ పరీక్షలు బాగున్నా, మొదటిసారి ఫిట్స్ వచ్చిన పెద్దవాళ్లనూ, పొద్దున వాంతుల పిల్లలనూ ఆపకుండా పంపాలి. చేతులు నిలబడ్డాయి కదా అని వాళ్లను ఇంటి దగ్గర ఉంచొద్దు.